ఫిలొమేనా వడ్డించిన గిన్నె

గస్టీన్ ఊళ్ళో తెల్లవారకముందే ఆవుల పొదుగులకు పాలగొట్టాలు తగిలించి, ఒంటిమీద ఆ వాసనతోనే బడికి పోయేది ఫిలొమేనా. ఎవరు ఏ కాలేజీకి పోవాలో ఆ బడిలో హాల్డేన్ మేడమ్ చెప్పేది. ఒకనాడు ఫిలొమేనానీ తల్లినీ కూర్చోబెట్టి, "పెద్ద యూనివర్సిటీయా? మీలాంటివాళ్ళకి అదెందుకమ్మా! పాలు పితుక్కుంటే పోలా?" అని నవ్వింది. తల్లికి పోర్చుగీసు తప్ప ఇంగ్లీషు అంతగా రాదు. పాపం, ఆవిడా నవ్వింది, మర్యాదకి.

ఆ చలికాలంలోనే తల్లి పోయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండాక ఫిలొమేనాకు మిగిలింది కక్ష ఒక్కటే. అడిగినవాళ్ళందరినీ చేర్చుకునే మెర్సెడ్ కాలేజీలో చేరింది. రెండేళ్ళు అక్కడ చదివి ఆ పెద్ద యూనివర్సిటీకి మారాలని పట్టు. "అలా మారతామన్న వాళ్ళలో వందకి ఇద్దర్ని తీసుకుంటే గొప్ప" అన్నారంతా. పుస్తకం ముందు కునుకు పట్టినప్పుడల్లా హాల్డేన్ నవ్వు తలుచుకునేది. మళ్ళీ నిద్ర వచ్చేది కాదు.

సీటొచ్చింది. ఎవరితోనూ అనొద్దని పిన్ని ఒదీలియా చేత ఒట్టు వేయించుకుంది.

పరిశుద్ధాత్మ పండగనాడు పోర్చుగీసువాళ్ళ హాల్లో ఊరందరికీ గొడ్డుమాంసం పులుసు రొట్టెమీద పోసి పెడతారు. బల్ల దగ్గర కూర్చున్నది పగవాడైనా సరే, లేవమనకూడదు. హాల్డేన్ వచ్చి కూర్చుంది.

"అదిగోనే, మీ మహారాణి! ఉప్పు బస్తా ఒంపనా?" అంది ఒదీలియా.

"వద్దు పిన్నీ. మంచి ముక్కలు చూసి వెయ్యి."

గిన్నె తానే పట్టుకెళ్ళింది.

"నువ్వు ఫిలొమేనావి కదూ? మెర్సెడ్‌లో చదువుతున్నావటగా. మా అబ్బాయి గ్రేడీ కూడా అక్కడే చేరాడమ్మా. పెద్ద యూనివర్సిటీవాళ్ళు వాణ్ణి వద్దన్నారు. అక్కణ్ణుంచి మారితే దొరుకుతుందంటావా?"

"ఎందుకు దొరకదు మేడమ్? నాకు దొరికింది. సెప్టెంబరులో వెళ్తున్నా."

హాల్డేన్ చెంచా గాలిలో ఆగింది.

ఫిలొమేనా పులుసుమీద పుదీనా రెమ్మ పెట్టింది. "అయినా గ్రేడీకి అదెందుకు మేడమ్! మా పాకలో నా చోటు ఖాళీ అవుతోంది. పాలు పితుక్కుంటే పోలా?" అని నవ్వింది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. హాల్డేన్ కూడా నవ్వింది, మర్యాదకి.

అచ్చం తన తల్లి నవ్విన నవ్వే. దాన్ని కళ్ళారా చూసుకుని, ఫిలొమేనా ఆ గిన్నెలో ఇంకో గరిటె పోసింది.