కళ్లు తెరిచి ప్రార్థించిన సామేలు కాక

సామేలు కాక ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త మొన్న ఉదయం బడిలో ఉండగా అందింది. మూడో తరగతి పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. వార్త తెచ్చిన మనిషి వెళ్లిపోయాక మిగిలిన ఎక్కం కూడా చెప్పించాను. దుఃఖం రావలసిన చోట ఏమీ రాలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికీ మనస్సు మొద్దుబారే ఉంది.

కాక నిరాడంబరుడు, మితభాషి, కర్తవ్యనిష్ఠ గలవారు. గోదావరిఖనిలో బొగ్గుబాయి మీది దీపాల గది ఆయన కొలువు. గనిలోకి దిగే ప్రతి కార్మికునికీ దీపం చేతికిచ్చి, జేబులు తడిమి, బీడీలు, అగ్గిపెట్టెలు అక్కడే పెట్టించేవారు. "లోపట ఒక్క అగ్గిపుల్ల సాలు బిడ్డా, ఏడ్చెటోడు గూడ మిగలడు" అనేవారు.

ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాలకూ ఆయన అదే నియమం తెచ్చారు. మా క్వార్టర్ల వరుసకు కరెంటు రాని రోజులు. కొవ్వొత్తి వెలుగులోనే ప్రార్థన. కాక అందరికన్నా ముందొచ్చి, బైబిలు పక్కనున్న కొవ్వొత్తిని తీసి, ఇసుక పోసిన ఇత్తడి పళ్లెంలో నిలబెట్టేవారు. కిటికీ గుడ్డ ముడివేసేవారు. "పైట దోపుకోండి బిడ్డా. దేవుడు మన మాట ఇంటడు, మంట ఇనది" అనేవారు. "ఏంది కాకా, ఈడ గూడ డ్యూటీయేనా?" అని నా భార్య మరియమ్మ ఆటపట్టించేది.

అందరూ కళ్లు మూసుకున్నా ఆయన మూసుకునేవారు కారు. ఆమేన్ అనేదాకా చూపు మంట మీదే. భక్తి లేదని గుసగుసలు పుట్టాయి. సంఘ పెద్ద ఒకరు నిలదీస్తే, "అందరం మూస్తే దాన్ని సూసేదెవలయ్యా?" అన్నారు నెమ్మదిగా.

మా మూడేళ్ల పాప జ్వరంతో మంచం పట్టింది. కొవ్వొత్తి దానంతటది కాలిపోయేదాకా ఆర్పకుంటే బిడ్డ దక్కుతుందని మరియమ్మ మొక్కుకుంది. దవాఖాన మందులతో పాటు ఆ మొక్కే మా ఆశ. ఆ సాయంత్రం కూటం ముగిసింది. నాలుగు రోజుల జాగారంతో మేమిద్దరం గోడకు చేరగిలబడి నిద్రపోయాం. అందరూ వెళ్లాక కాక లేచారు. పాప మంచం మీది దోమతెర అంచు గాలికి మంట వైపు వాలుతోంది. ఆయన ఒత్తిని రెండు వేళ్లతో నలిపేశారు.

మరియమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఎంత పని జేసినవ్ కాకా! తెర జరిపితే సాలకపోయెనా?"

"మీరు నిద్రల ఉన్నరు బిడ్డా. కావలి లేని మంటను ఇడిసిపెట్టి నేనెట్ల పోత? ఆరింది ఒత్తి, నీ ప్రార్థన గాదు."

మూడో రోజు పాప పోయింది.

జ్వరం చేసిన పనిని మేము ఆయన వేళ్లకు అంటగట్టాం. "మా బిడ్డను నువ్వే పొట్టన పెట్టుకున్నవ్, ఇగ మా గడప తొక్కకు" అని నలుగురిలో అన్నది నేనే. పిల్లలకు చదువు చెప్పే నోటితోనే అన్నాను, ఛీ! ఆయన వెనుదిరిగి వెళ్లిపోయారు. ఆరేళ్లు గడిచాయి. ఎదురుపడితే "వందనం సారూ" అనేవారు. నేను తల తిప్పుకునేవాణ్ణి. తప్పు నాదని ఎప్పుడో తెలిసింది. ఈ ఆదివారం క్షమాపణ అడుగుదాం, వచ్చే ఆదివారం అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను.

నిన్న సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య రాహేలవ్వ ముందు నిలబడ్డాం. అవ్వే మరియమ్మ చెయ్యి పట్టుకుంది.

"పోయి నీ తప్పు లేదని చెప్పరాదా అని నేను ఆయనతోని మస్తు కొట్లాడిన బిడ్డా. 'బిడ్డ పోయినోళ్లు ఎవల్నన్న అనకుంటె ఎట్ల బతుకుతరే? నన్నే అననీ' అనెటోడు."

కాకా, మీ వంటి మనిషి మా సంఘానికి మళ్లీ దొరకడు. ఆనాడు నలుగురిలో అన్న మాటను ఇవాళ నలుగురూ చదివే చోట వెనక్కి తీసుకుంటున్నాను. మీకే చెప్పలేకపోయాను.