గొట్టంలో గూడు

పొయ్యిల మేస్త్రీకి ఊరంతా మంచి పేరు. బయటివాళ్ళ పొయ్యి చేతికొస్తే గొట్టం గొట్టానికీ తీగ దూర్చి చూడనిదే వదలడు. అయినవాళ్ళ పనంటేనే చిన్నచూపు. పైపైన తుడిచేసి, పెట్టింది తినేసి, చేతులు దులుపుకుంటాడు.

అక్క ఇంట్లోని గ్యాస్ గ్రిల్లుకీ ఆ మర్యాదే జరిగింది. ఆదివారమొస్తే నలుగురినీ పిలిచి, పెరట్లో దానిమీద మాంసమూ మొక్కజొన్న కంకులూ కాల్చి పెట్టడం బావకి ప్రాణం. "ఓసారి విప్పి చూడవోయ్" అని బావ అడిగితే, మనవాడు మూతని నూనెగుడ్డతో తళతళలాడించి "అంతా బాగుంది బావా" అన్నాడు. ఆ మరుసటి ఆదివారమే, బావ వెలిగించగానే మంట పైకి రాకుండా నాబ్‌ల కిందనుంచి ఎగదన్నింది. పక్కనే ఉన్న అక్క ముంజేయి కాలింది. కబురు విని పరిగెత్తుకొచ్చిన మేస్త్రీ, ఎవరూ అడక్కముందే "మూత తీయకుండా గ్యాసు తిప్పి ఉంటారు బావా" అనేశాడు. బావ నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. "తిప్పానేమో" అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో అగ్గిపుల్ల కూడా గీయలేదు.

గ్రిల్లు గోడవారన తుప్పుపట్టింది. ఏళ్ళు గడిచాక అక్కే తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఆదివారమొస్తే మీ బావ దిక్కులు చూస్తూ కూర్చుంటున్నారురా. దాన్ని బాగుచెయ్యి. ఏదో తెలీక చేశారు, నేనూ మాటిమాటికీ దెప్పాను."

ఈసారి ముక్కముక్కా విప్పాడు. జాలీల జిడ్డు గోకాడు, తుప్పు రుద్దాడు. చివరికి బర్నర్‌కి గ్యాసు తెచ్చే గొట్టం దగ్గరికొచ్చాడు. దాని మరమీద కొత్తలో వేసిన రంగు చెక్కుచెదరలేదు. అంటే దాన్ని ఎవరూ ఎప్పుడూ తిప్పనేలేదు. విప్పితే లోపల సాలీడు గూడు, మసిపట్టి ఉండలా బిగుసుకుపోయి ఉంది. గ్యాసుకి దారిలేకే ఆనాడు మంట వెనక్కి తన్నింది. ఒక్క తీగ దూర్చి ఉంటే అక్క చెయ్యి కాలేది కాదు. మేస్త్రీకి తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

గూడు అరచేతిలో పెట్టుకుని వెళ్ళి "బావా, తప్పు మీది కాదు. గొట్టంలో ఇది అడ్డుపడింది" అన్నాడు. 

బావ ముఖం చేటంత అయింది. అక్కవైపు తిరిగాడు. "చూశావా! మావాడు శుభ్రం చేసి వెళ్ళాక, ఆ వారంలో దూరిందన్నమాట దొంగది!"

అక్క కళ్ళు తుడుచుకుంది. "అన్యాయంగా మిమ్మల్ని ఆడిపోసుకున్నానండీ."

"పోనీలేవే, సాలీడు చేసినదానికి నువ్వేం చేస్తావు?"

నేరమంతా సాలీడు నెత్తిన పడింది. మేస్త్రీ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆదివారం బావ తన చేతులతోనే గ్రిల్లు వెలిగించాడు. నీలిమంట వరసగా, బుద్ధిగా లేచింది. మచ్చపడిన చేత్తో అక్క పళ్ళెం పట్టుకుంది. ఆ మచ్చ చూశాక మేస్త్రీ ఇక ఉండలేకపోయాడు.

"బావా, అసలు ఆ రోజు నేను..." అని నోరు తెరిచాడు.

"కబుర్లు తర్వాతోయ్. తొలిముక్క పనిచేసినవాడిదే!" అంటూ బావ ఓ ముక్కని ఊది ఊది, తెరిచిన ఆ నోట్లోనే పెట్టాడు. "ఎలా ఉంది?"

అక్కా బావా ఇద్దరూ అతని ముఖంలోకే చూస్తున్నారు.

"బాగుంది బావా" అన్నాడు, ఆనాడు అన్నట్టే.