సగం గీసిన గడ్డం

మా మేనమామ దగ్గర గడ్డం గీయించుకుంటే ఉపన్యాసం ఉచితం. మెడ చుట్టూ గుడ్డ బిగించి, కుర్చీ వెనక్కి వాల్చి, మొహం నిండా నురగ పట్టించేదాకా ఆయన నోరు మెదపడు. కత్తి సరిగ్గా గొంతు దగ్గరికి వచ్చాక మొదలుపెడతాడు. "ముక్తికి దారి ఒక్కటే. ఒప్పుకుంటావా, ఒప్పుకోవా?" అంటాడు. గొంతు మీద కత్తి ఉన్నవాడు ఏమంటాడు? "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినగానే మా మామయ్య ఒక ఆత్మను నరకంలోంచి లాగేసినంత సంబరపడిపోతాడు. "నా కుర్చీలో కూర్చుని కాదన్నవాడు ఇంతవరకూ లేడక్కా," అని మా అమ్మ దగ్గర గొప్పలు పోయేవాడు. ఎందుకు లేడో ఆలోచించే శ్రమ మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు.

వీధిలో ఆయన పేరే 'ఒకటే దారి' అయిపోయింది. "ఒకటే దారి ఉన్నాడా, భోజనానికి వెళ్లాడా?" అని అడుగుతూ వచ్చేవాళ్లు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

ఈ జబ్బు ఆయనకు దేవుడితో మొదలు కాలేదు. అంతకుముందు ఒక తలనూనె ఉండేది. లోకంలో జుట్టు మొలిపించే నూనె అదొక్కటేనని, మిగతావన్నీ మోసమని వచ్చినవాడికల్లా నెత్తిన మర్దనా చేసి పంపేవాడు. ఆ నూనె రాసుకున్నవాళ్లలో అందరికంటే ముందు బట్టతల వచ్చింది ఆయనకే. తరువాత చన్నీళ్లు పట్టుకున్నాడు. చన్నీళ్లు తాగితే రోగం రాదు, చన్నీళ్లతో స్నానం చేస్తే కోపం రాదు. ఆ ఏడాదంతా దగ్గుతూ అందరి మీదా విసుక్కున్నాడు. ఆ తరువాత, టైర్ల దుకాణం మేడ మీద కొత్తగా పెట్టిన ప్రార్థన హాలుకు వెళ్లి దేవుణ్ణి పట్టుకొచ్చాడు. పాపం, ఆ దేవుడు ఎంతటివాడో నాకు తెలియదు గానీ, మా మామయ్య చేతిలో పడ్డాక ఆయన గతీ ఆ నూనె గతే అయింది.

సెలూన్ నిజానికి మా నాన్నది. రెండు కుర్చీలు, ఎదురుగా ఒక అద్దం, వెనక ఒక అద్దం, మూలన నీళ్లు కాచే స్టవ్వు. దాని వెనక గదిలోనే మా కాపురం. కత్తిరించిన జుట్టు ఊడుస్తూ నేను అక్కడే పెద్దదాన్నయ్యాను. అమ్మ పెళ్లయ్యేనాటికి మామయ్య మీసాలు రాని కుర్రాడు. వెంట తెచ్చుకుని, తోలుపట్టీ మీద కత్తి నూరడం దగ్గర్నుంచి నేర్పింది మా నాన్నే. నాన్న నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. కత్తెర ఆడుతున్నప్పుడు ఎన్ని కబుర్లైనా చెప్పొచ్చు గానీ, కత్తి గొంతు మీద ఉన్నప్పుడు మనిషిని ఏమీ అడగకూడదు. జవాబు చెప్పబోతాడు, తెగుతుంది. మామయ్యకు చెయ్యి నాన్నంత బాగా కుదిరింది. ఈ పాఠం మాత్రం తలకెక్కలేదు.

నాన్నకూ ఒక దేవుడున్నాడు, తన తల్లిదండ్రుల నుంచి వచ్చినవాడు. పొద్దున తలుపు తీసేముందు కళ్లు మూసుకుని ఆయనతో ఏదో ఒక ముక్క చెప్పుకునేవాడు. ఏం చెప్పావని నేనడిగితే, "మా ఇద్దరి మధ్య మాటలే" అని నవ్వేవాడు. ఆ దేవుణ్ణి ఎవరికీ అంటగట్టలేదు.

మామయ్యను వాదంలో ఓడించాలని చూసినవాళ్లు లేకపోలేదు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన, జుట్టు కత్తిరింపుకే తప్ప గడ్డానికి లొంగకుండా, "మీ మతం పుట్టకముందు చచ్చిపోయినవాళ్ల సంగతేంటయ్యా?" అని అడిగాడు.

"వాళ్ల సంగతి పైవాడు చూసుకుంటాడు," అన్నాడు మామయ్య.

"మరి మా సంగతి కూడా ఆయన్నే చూసుకోనివ్వరాదూ? నీకెందుకు మధ్యలో?"

మామయ్య వినపడనట్టు మాస్టారి చెవి వెనక జుట్టు కత్తిరించసాగాడు. ఎదురు దుకాణంలో దర్జీది ఇంకో మతం, ఆయనది ఇంకో ఒకటే దారి. ఇద్దరూ ఒకరినొకరు రోజూ నరకానికి పంపించుకుని, సాయంత్రం ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లు. ఇద్దరి మాటా నిజమే అయితే మా వీధిలో స్వర్గానికి పోవడానికి ఒక్క పిల్లికూన కూడా మిగలదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, నాన్న మంచం పట్టేదాకా. గుండె బలహీనపడింది, ఎక్కువ రోజులు లేవని డాక్టరు అమ్మతో, నాతో చెప్పేశాడు. నాన్నకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చేతులు వణకడం మొదలై కత్తి పట్టలేకపోయినప్పుడే ఆయనకు తెలిసిపోయింది. రోజు విడిచి రోజు మామయ్య వెనక గదిలోకి వచ్చి గడ్డం గీసి వెళ్లేవాడు. ఎవరి చెవి పక్క జుట్టు గోరంత ఎక్కువ తక్కువైనా వీధిలోంచి వెనక్కి పిలిచి సరిచేసి పంపిన మనిషి మా నాన్న. శుభ్రమైన మొహం తప్ప ఆయనకు ఇంకో సోకు లేదు.

ఒక రోజు ఎడమ చెంప అయింది. కత్తి గొంతు దగ్గరికి వచ్చింది. మామయ్య ఆగి, గొంతు సవరించుకుని, "బావా, ముక్తికి దారి ఒక్కటే. ఒప్పుకుంటావా?" అన్నాడు.

నాన్న మామయ్య మణికట్టు పట్టుకుని కత్తిని పక్కకు జరిపాడు. తువ్వాలు అందుకుని మొహం మీది నురగ తనే తుడుచుకున్నాడు. కుడి చెంప మాసిన గడ్డంతో అలాగే ఉంది.

"చాలు, వెళ్లు," అన్నాడు.

"సగమే అయింది బావా."

"నీకు పని సగమే వచ్చు. ఎన్నాళ్లు నేర్పినా అంతే."

ఆ రోజు నుంచి నాన్న ఆ మొహం అలాగే ఉంచుకున్నాడు. పొద్దున ఎండ కోసం సెలూన్ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప బూజు పట్టినట్టు; ఆ తరువాత రెండూ పెరిగినా హెచ్చుతగ్గులుగానే. వచ్చిపోయేవాళ్లు ఆగి, "ఏంటిది?" అని అడిగితే, "మా బామ్మర్ది పనితనం" అనేవాడు. లోపల మామయ్య తల ఎత్తలేకపోయేవాడు. నాకైతే మామయ్య మొహం మాడ్చుకోవడం చూసి కడుపు నిండిపోయింది.

ఇంకొకరిని పిలుచుకొస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "మొదలుపెట్టినవాడే పూర్తి చేయాలి. కానీ నోరు మూసుకుని చేయాలి," అన్నాడు. రాను రాను గుమ్మందాకా నడవడం కూడా ఆయన వల్ల కాలేదు. పడుకునే కుడి చెంప తడుముకునేవాడు. ఆ చెంపతో పోవడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుస్తూనే ఉంది.

మామయ్య వెళ్లి ప్రార్థన హాలు పెద్దాయన్ని సలహా అడిగాడు. ఆ పెద్దాయన గడ్డం నెలనెలా చక్కగా కత్తిరించి పెట్టింది మా నాన్నే. ఆయన కళ్లు అరమోడ్చి, "అడగకుండా సేవ చేశావంటే అతని దారీ దారేనని నువ్వు ఒప్పుకున్నట్టే. మండే ఇంట్లో ఉన్నవాడికి జుట్టు దువ్వుతావా?" అన్నాడట. ఎంత గొప్పగా చెప్పాడో అని మామయ్య మాకు వచ్చి వినిపించాడు. మండే ఇంట్లోకి ఆ పెద్దాయన ఒక్క చెంబెడు నీళ్లు తెచ్చిన పాపాన పోలేదు. మంచం పట్టిన మనిషిని చూడ్డానికైనా మెట్లు దిగి రాలేదు.

మామయ్య మా వంటింట్లో గోడకు ఆనుకుని ఏడ్చాడు. "అక్కా, బావ కాలిపోతాడే. కళ్లారా చూస్తూ ఊరుకోమంటావా నన్ను?"

అమ్మ కూరగాయలు తరుగుతూ తల తిప్పకుండానే, "ముందు ఆ గడ్డం సంగతి చూడరా," అంది.

అప్పుడు నాకు ఒకటి అర్థమై మరింత ఒళ్లు మండింది. ఆయన వేషం వేయడం లేదు. నిజంగానే నాన్న చుట్టూ మంటలు కనపడుతున్నాయి ఆ మనిషికి. తనకు అన్నం పెట్టిన మనిషిని కాల్చే దేవుణ్ణి నమ్ముతున్నాడే గానీ, ఆ దేవుణ్ణి ఒక్క ప్రశ్న అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ప్రశ్నలన్నీ మా నాన్నకే.

నాన్నకు మాట కూడా పలచబడిన ఒక ఉదయం మామయ్య సెలూన్ తెరవకుండా సరాసరి లోపలికి వచ్చాడు. నీళ్లు కాచాడు. కత్తి నూరాడు. నాన్న తల కింద దిండు సర్ది, మొహమంతా నురగ పట్టించాడు. నేను మంచం పక్కనే నిలబడ్డాను. నోరు తెరిస్తే చాలు, గిన్నెలో వేడినీళ్లు నెత్తిన పోసేసేదాన్ని. కత్తి గొంతు దగ్గరికి వచ్చింది. మామయ్య పెదవులు కదిలాయి. నాన్న కళ్లు తెరిచి ఆయన్నే చూస్తున్నాడు. మామయ్య పెదవులు బిగించుకుని, గొంతు మీద కత్తి నడిపించి, పని పూర్తి చేశాడు. కళ్లలోంచి కారే నీళ్లు ముక్కు చివర ఆగితే భుజానికి తుడుచుకున్నాడు తప్ప చెయ్యి ఆపలేదు. పటిక రుద్దాడు. నాన్న వణికే వేళ్లతో రెండు చెంపలూ తడిమి చూసుకుని, దవడ కింద ఒక చోట వేలు ఆపి, "ఇక్కడ," అన్నాడు. మామయ్య అక్కడ మళ్లీ గీశాడు. నాన్న తల ఊపాడు. అంతకుమించి ఆ గదిలో ఎవరూ ఏమీ అనలేదు.

రెండో రోజు నాన్న పోయాడు. మొహం శుభ్రంగా ఉంది.

అప్పుడు మెట్లు దిగి వచ్చాడు పెద్దాయన. ఇంటినిండా జనం. పోయినవాడి వైపు చూడకుండా మామయ్య వైపు చూసి, అందరికీ వినపడేలా, "చివరికైనా ఒప్పుకున్నాడా?" అని అడిగాడు.

"ఒప్పుకున్నాడు," అన్నాడు మామయ్య. "నా చేతుల్లోనే. నా చెవులతో విన్నాను."

పెద్దాయన తృప్తిగా తల పంకించాడు. నాకు ఒళ్లంతా భగ్గుమంది. బతికినన్నాళ్లూ ఎవరికీ లొంగని మనిషిని చచ్చాక లొంగదీశాడు వీడు. జనం పలచబడేదాకా ఓపిక పట్టి, మామయ్య చెయ్యి పట్టుకుని సెలూన్‌లోకి లాక్కెళ్లాను.

"నేను అక్కడే ఉన్నాను మామయ్యా. నాన్న అన్న మాట 'ఇక్కడ' ఒక్కటే. సిగ్గులేదా నీకు? ఆయన కాదన్నది కూడా ఆయనకు మిగల్చవా?"

మామయ్య కుర్చీ చేతిని పట్టుకుని నిలబడ్డాడు. "తిట్టు. కాదన్నాడని చెప్తే మీ నాన్న నరకానికి పోయాడని వీధంతా పాడేవాడు ఆ పెద్దాయన. నోరు రాలేదు నాకు."

"అంటే నీకూ నమ్మకం పోయిందన్నమాట."

"పోలేదు. దారి ఒక్కటే," అన్నాడు, అదే మొండితనంతో. "ముక్తి గురించి అబద్ధం చెప్పినవాడికి క్షమాపణ లేదు. ఏ తప్పుకైనా ఉంది గానీ దానికి నరకమే. మాకు మొదటి రోజే చెప్పారు."

ఇంతటి మూర్ఖుణ్ణి నేను నా జన్మలో చూడలేదు. "తెలిసి తెలిసి ఎందుకు చెప్పావు మరి?" అని అరిచాను.

మామయ్య నాకేసి కాకుండా అద్దంలోకి చూస్తూ, "మీ నాన్న చేతులు వణుకుతున్నాయి కదే," అన్నాడు. "అక్కడ ఆయనకు గడ్డం ఎవరు గీస్తారు?"