తప్పెటగుళ్లను మధ్యలో దింపేశారు

స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో, విశాఖ బీచి రోడ్డు హాల్లో ఓ ప్రైవేటు కంపెనీ వార్షికోత్సవానికి నన్ను కర్నూలు నుంచి ఉపన్యాసానికి పిలిచారు. సినిమా పాటల ఆర్కెస్ట్రా ఆలస్యమైందని తప్పెటగుళ్ల బృందాన్ని వేదిక ఎక్కించారు. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట్లు వాయిస్తూ వాళ్లు దేవుడి పాట ఎత్తుకున్నారో లేదో, ఆర్కెస్ట్రా వచ్చిందని ఉత్సవ కమిటీ కార్యదర్శి మధ్యలోనే దింపేశాడు. సిగ్గన్నా ఉండాలి కదా!

ఒళ్లు మండి బయటికొచ్చాను. బృందం పెద్దాయన ఇసుకలో అందరినీ మళ్లీ గుండ్రంగా నిలబెడుతున్నాడు.

"ఇక్కడెవరు చూస్తారు పెద్దాయనా?" అన్నాను.

"సూడ్డానికేటి బాబూ! దేవుడి పాట ఎత్తుకున్నాక మద్దిలో ఒగ్గీకూడదు. పూర్తి సేసే ఇంటికెల్తాం."

గజ్జెలు ఘల్లుమన్నాయి. లోపల ఆర్కెస్ట్రా సర్దుకునేలోగా కార్యదర్శి మైకులో నా పేరు పిలుస్తున్నాడు, జానపద కళల గొప్పదనం గురించి మాట్లాడమని.

నేను ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.