వానకు తడిసిన తుమ్మ చెక్క

ఆ రోజు మద్రాసు హెడ్డాఫీసుకు ఫోన్లో అబద్ధం చెప్పాను. జిగురు పట్టకపోవడానికి బెరడు చూసుకునే మనిషే కారణమన్నాను. నిజానికి ఆయన వద్దన్నాడు. నేనే వినలేదు.

తిరుపతి దగ్గర మా చిన్న ల్యాబులో ఆరుగురం. తుమ్మ చెక్కలోంచి, అంటే తుమ్మ బెరడులోంచి, వగరు సారం తీసి, కళ్లు మండించే రసాయనాల బదులు దానితో ప్లైవుడ్ జిగురు చెయ్యాలని మూడేళ్లుగా తంటాలు పడుతున్నాం. జట్టుకు పెద్దను నేను. పొద్దున రిపోర్టులు, మధ్యాహ్నం ఫోన్లు, సాయంత్రానికి మళ్లీ అదే నల్లటి ముద్ద. బాగా అలసిపోయి ఉన్నాను. అలసట అందరికీ ఉంది. అబద్ధం నేనొక్కణ్ణే ఆడాను.

బెరడు చూసుకునే ఆయన్ను అందరూ భాయ్ అంటారు, నాకంటే పదేళ్లు పెద్ద. పలమనేరు వైపు తోళ్లు పదును చేసే షాపులో పనిచేసి, అది మూతపడ్డాక మా దగ్గర కాంట్రాక్టు మీద చేరాడు. ఆ వయసులో ఇంకెవరూ పనివ్వరు. లోడు రాగానే ఒక పేడు విరిచి నమిలేవాడు. వగరెంతుందో చూడ్డానికి తోళ్ల షాపుల్లో అదే పరీక్ష.

"మన మిషన్లకన్నా భాయ్ నాలికే నయం సార్, కరెంటు గూడా అక్కర్లే" అని మా కెమిస్టు అమ్మాయి నవ్వేది.

ఆ వారం వచ్చిన లోడులోదీ ఒక పేడు నమిలి ఊసేశాడు. "వానకు తడిసి మళ్లా ఎండిన చెక్క సార్ ఇది. వగరంతా నీళ్లతో పోయిండాది. దించొద్దు."

నాలుగు రోజుల్లో మా జిగురు చూడ్డానికి కొనేవాళ్లు వస్తున్నారు. సారం పరీక్షకు రెండు రోజులు పడుతుందని అదీ మానేసి, లోడు దించమన్నాను. "ఇది ల్యాబప్పా, తోళ్ల షాపు కాదు. నమిలి ఉమ్మేది ఇంకెక్కడైనా పెట్టుకో" అన్నాను, అందరూ వింటుండగా.

కొనేవాళ్ల ముందు ఆ జిగురుతో అతికిన ప్లైవుడ్ ముక్కల్ని మరిగే నీళ్లలో వేశాం. పొరలు పొరలుగా విడిపోయాయి. సాయంత్రం డైరెక్టరు ఫోను చేసి ఎవరి తప్పని అడిగాడు. భాయ్ పేరు చెప్పాను. "అయితే నెలాఖరుకు పంపించెయ్" అన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకే మద్రాసు వెళ్లి, దించమన్నదీ నేనే, అబద్ధం చెప్పిందీ నేనే అన్నాను. డైరెక్టరు భాయ్‌ని ఉండనిమ్మన్నాడు. ఇకమీద నా ప్రతి రిపోర్టు మీదా ఇంకొకరి సంతకం ఉండాలన్నాడు.

తిరిగొచ్చి భాయ్‌కి జరిగిందంతా చెప్పాను. గోతాం మూతి కడుతూ విన్నాడు.

"పని నిలబడింది, మంచిదే. కానీ సార్, తోళ్ల షాపన్న మాట మద్రాసులో అన్లేదు గదా. ఈడన్నారు."

టీ వేళకు అందర్నీ షెడ్డు దగ్గరికి పిలిచాను. ఆయన వద్దన్న లోడు దించమన్నది నేనేనని, తప్పు ఆయన మీద తోసేశానని, ఆ రోజు అన్న మాట అనకూడనిదని, ఆయనకెదురుగా నిలబడి అందరితో చెప్పాను.