స్కూలు అన్న మాట ఎక్కడిది

సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. మిరప కోతలొస్తే నా పదో తరగతి సగం ఖాళీ. ఏటా తిట్టీ బతిమాలీ విసుగొచ్చేసింది. ఒకరోజు పాఠం పక్కన పెట్టి, ఉన్నవాళ్లకే ఒక మాట పుట్టుక చెప్పాను. స్కూలు ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదు, లాటిన్ నుంచి తెచ్చుకున్నది. లాటిన్‌వాళ్లు గ్రీకుల దగ్గర తీసుకున్నారు. గ్రీకులో మొదట దాని అర్థం తీరిక. తీరికున్నవాళ్లు కూర్చుని చర్చించుకునేవారు, ఆ చర్చలే చదువయ్యాయి, చివరికి వాళ్లు కూర్చున్న చోటికే ఆ పేరు వచ్చింది. బోర్డు నిండా బాణాలు గీసి నేనే మురిసిపోయాను. శ్రద్ధగా రాసుకున్నది ఒక్క అమ్మాయే. మర్నాటి నుంచి ఆ అమ్మాయీ రాలేదు.

వారం చూసి, కోతలో ఉందని తెలిసి చేనుకే వెళ్లాను. అక్కడ కోతలో సాలుకు ఇద్దరు, చెరో పక్క. జత లేని మనిషిని కూలీల ముఠా మేస్త్రి చేనుకెళ్లే ఆటో ఎక్కనివ్వడు. పిల్ల తల్లికి జతగా వచ్చే ఆవిడ కాలు విరిగి మంచాన పడితే, తల్లి ఈ పిల్లను తెచ్చుకుంది. ఇంకా మానితే హాజరు చాలదు, పరీక్షకు కూర్చోనివ్వరు అని చెప్పాను. తల్లి నడుం పట్టుకుని మెల్లగా లేచింది.

"బడంటే తీరికని మీరే చెప్పారంట గదండీ. ఆ తీరికేదో మాకు కాయ అయిపోయినాక గానీ రాదండి."

నోటికొచ్చింది అనేశాను. మీ అత్తగారు ఇంట్లో ఖాళీగానే ఉన్నారు కదా అని. ఆవిడకు మోకాళ్లు పోయాయనీ, నిరుడే పని మాన్పించామనీ చెప్పి తల్లి మళ్లీ కోతకు వంగింది. పిల్ల తలెత్తకుండా కోస్తూనే ఉంది.

సోమవారం పిల్ల బడికొచ్చింది. పరీక్ష రాసింది, పాసైంది. తోటి టీచర్లు నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం సిగ్గేసింది. రోజూ బస్సులో ఆ చేను పక్క నుంచే వెళ్లేదాన్ని. పిల్ల చోటులో ఇప్పుడు ఆ అత్తగారు. ముసలావిడ వంగలేక సాల్లో చతికిలబడి, అలాగే జరుగుతూ కోసేది. ఒకసారి బస్టాపులో కనిపించి, మా పిల్ల బాగా చదువుతోందా అమ్మా అని అడిగింది. చదువుతోందన్నాను.

మళ్లీ కోతలొచ్చాయి. పిల్ల ఇంటర్ చదువుతోంది. చేలో తల్లికి జత ఆ ముసలావిడే.