అక్క ఇంటి అటక మీద డబ్బా

కోడుమూరు చుట్టుపక్కల పది ఊళ్లలో కరెంటు పనంటే నన్నే పిలుస్తారు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. నేను బిగించిన బోర్డు ఊడిరాదు. నాకు ఒళ్లు మండించే పని ఒకటుంది. ఫ్యాన్లవీ లైట్లవీ వైర్లన్నీ కలిసేచోట జంక్షన్ బాక్సు అని ఒక డబ్బా పెడతాం. నలుగురికీ కనబడేచోట దాన్ని చక్కగా బిగిస్తారు. అదే అటక మీదైతే, ఎవరు ఎక్కి చూడొచ్చారులే అని వైర్లకే వేలాడదీసి దిగి వచ్చేస్తారు. అలాంటిది కంటబడితే ఇంటివాళ్ల ముందే తిట్టేస్తాను. వైరు ఉన్నది కరెంటు మోయడానికి, బరువు మోయడానికి కాదు.

మొన్న వేసవి చివర్లో మా అక్క ఫోన్ చేసింది. నడవలో లైటు ఆరుతూ వెలుగుతూ ఉందట, అటక మీది నుంచి ఏదో కాలిన వాసన వస్తోందట. తొలకరికి దాచిన వేరుశనగ విత్తనం మూటలన్నీ ఆ అటక మీదే ఉంటాయి. అవి అంటుకుంటే ఆ ఏడు వాళ్లకు సేద్యం లేనట్టే. మెయిన్ ఆపేయమని చెప్పి బండి తీశాను.

వాళ్లది దూలాల మీద బండలు పరిచిన మిద్దె. నిచ్చెనెక్కి టార్చి వేసి చూస్తే, డబ్బా దూలం కింద మూరెడు దూరంలో వైర్లకు వేలాడుతోంది. మూత లేదు. ఒక పక్క నల్లగా మాడింది. దాంట్లోకి వైర్లు వచ్చే పైపుకు మూడు సొరకాయలు కట్టి ఉన్నాయి. మా వైపు విత్తనం సొరకాయల్ని ఎలుకలకు అందకుండా వేలాడదీస్తారు. గోడకు కడితే ఎలుక పాకుతుంది, దూలానికి కడితే దాని మీద నడిచొస్తుంది. నట్టనడుమ ఊగే డబ్బా కంటే మంచి చోటు అక్కకు ఎక్కడ దొరుకుతుంది? ఏటేటా ఆ బరువు లాగి లాగి లోపల వైరు వదులైంది, వేడెక్కి కాలింది. మొదటి మూట దానికి చేతికందే దూరంలో ఉంది.

"ఏ ఎదవ చేసినాడక్కా ఈ పని?" అని పైనుంచే అరిచాను.

కింద మా బావ దగ్గాడు.

సొరకాయలు విప్పి డబ్బాను తిప్పాను. వెనక పైపుకు సుతిలి తాడు ముడి ఒకటి మిగిలి ఉంది. రెండు చుట్లు చుట్టి కొస లోపలికి దోపే ముడి. కట్టెల మోపు కట్టేటప్పుడు మా నాయన నాకు నేర్పిన ముడి అది. పనివాళ్లలో ఇంకెవరూ అలా కట్టగా నేను చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను సొంతంగా చేసిన మొదటి పని ఈ ఇల్లే. డబ్బా బిగిద్దామంటే నడిమి దూలానికి పసుపు రాసి పూజ చేశారు, మేకు కొట్టకూడదని అక్క అత్తగారు అడ్డం పడింది. నాకేమో పక్కూళ్లో ఇంకో పని తొందర. గృహప్రవేశం అయిపోనీ, రేపొచ్చి బిగిస్తాలే అని సుతిలితో కట్టేశాను. ఆ రేపు ఇరవై ఏళ్లు దాటినా రాలేదు. సుతిలి ఎప్పుడో చివికి తెగిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

దిగి వచ్చి, ఆ ఎదవను నేనేనని చెప్పాను. కర్నూలు నుంచి వేరే మనిషిని పిలిపించి ఆ వైర్లు మార్పిద్దామని తాను రెండుసార్లు చూశాననీ, వచ్చినవాణ్ణి అక్క నిచ్చెన కూడా వేయనివ్వలేదనీ బావ చెప్పాడు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"నువ్వు చేసింది కదప్పా" అంది. "ఇంగొకరు ముట్టుకుంటే యాడ చెడిపోతాదో అని ఇన్నేండ్లూ కరెంటోళ్లను ఎవురినీ ఎక్కనీలేదు."

నన్ను నమ్మినందుకే ఆమె విత్తనం కాలిపోయేది.

మళ్లీ పైకెక్కాను. పసుపు రాసింది నడిమి దూలానికే, దాని పక్కన చిన్న దూలాలు రెండున్నాయి. వాటి నడుమ అడ్డంగా టేకు పట్టీ వేసి స్క్రూలతో బిగించి, దానిమీద కొత్త డబ్బా కూర్చోబెట్టాను. కాలిన వైరు కోసి కొత్తది వేశాను. జానెడు దూరంలో పైపును కూడా క్లాంపుతో పట్టీకి పట్టించి, మూత బిగించాను. రెండు చేతులా పట్టి లాగినా కదల్లేదు. సొరకాయల కోసం ఒక చిన్న దూలానికి వేరే కొక్కెం కొట్టి, ఎలుక దిగలేనంత సన్నటి ఇనుప తీగకు వేలాడదీశాను. మొత్తం గంట పని. ఆ గంటే అప్పుడు నాకు దొరకలేదు.

వేలాడే డబ్బా కనబడితే ఇప్పటికీ తిడతాను. కాకపోతే తిట్టే ముందు ముడి చూసుకుంటాను.